కేస్ బ్యాటిల్‌లో గెలిచే అవకాశం నిజంగా పెరుగుతుందా?

కౌంటర్-స్ట్రైక్ వీడియో గేమ్‌లో ఆయుధాల రూపు మార్చే ‘స్కిన్ల’తో జూదం నడిపే సైట్లలోని ‘కేస్ బ్యాటిల్’, ఒంటరిగా పెట్టె (డబ్బు చెల్లిస్తే యాదృచ్ఛికంగా ఏదో ఒక స్కిన్ ఇచ్చే ‘కేస్’) తెరవడం కంటే లాభసాటిగా ఉంటుందా అన్నది ప్రశ్న. ఉండదు.

ఇందులో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే రకం పెట్టెలను సమాన సంఖ్యలో కొని ఒకేసారి తెరుస్తారు. ఎవరి స్కిన్ల మొత్తం విలువ ఎక్కువైతే అందరి స్కిన్లూ వారికే దక్కుతాయి, మిగిలినవారికి సాధారణంగా ఏమీ మిగలదు.

ఒక పెట్టె ధర 100 అనీ, దాని నుంచి సగటున తిరిగి వచ్చే విలువ 90 అనీ అనుకుందాం. ఇద్దరు ఆడితే పందెంలో సగటున 180 పోగవుతుంది, గెలిచే అవకాశం సగమే కనుక ఒక్కొక్కరి వాటా మళ్లీ 90 దగ్గరే తేలుతుంది. సైటు మిగుల్చుకునే 10 చెక్కుచెదరదు. పెరిగేది ఒడిదుడుకులు మాత్రమే. కానీ ఎదుట ప్రత్యర్థి ఉండడంతో, ఓడినవారికి తాము సైటు చేతిలో కాక మరో ఆటగాడి చేతిలో ఓడామనిపిస్తుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటులోని అసలు గడుసుదనం ఇదే.

పెట్టె తెరిచినప్పుడు తెరపై తిరిగే స్కిన్ల పట్టీ ఖరీదైన కత్తి స్కిన్‌ను వెంట్రుకవాసిలో దాటి చవక స్కిన్ దగ్గర ఆగడం కేవలం యానిమేషన్. ఫలితాన్ని సర్వర్ అప్పటికే తేల్చేసి ఉంటుంది. ‘ప్రూవబ్లీ ఫెయిర్’ (నిజాయితీని సరిచూసుకోవచ్చు) పేరుతో ముందుగా చూపే హ్యాష్ అనే వేలిముద్ర లాంటి కోడ్, సర్వర్ తన సీడ్‌ను, అంటే ఫలితాన్ని లెక్కించడానికి వాడే రహస్య విలువను, తర్వాత మార్చలేదని నిరూపించగలదే తప్ప, పెట్టె ధర న్యాయమైనదని చెప్పదు.