మలావీ బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

అత్త ఆశీస్సులు. పీస్ కోర్ (విదేశాలకు సేవకులను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు నిన్ను తీసుకున్నారని, వేసింది మలావీకేనని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. 1998లో నేను లెక్కల టీచరుగా, స్వచ్ఛంద సేవకురాలిగా అక్కడికి వెళ్లిన నాడు మన ఇంట్లో ఎవరికీ ఆఫ్రికాలోని ఆ దేశం పటంలో ఎక్కడుందో తెలియదు. నువ్వు ఉండబోయేది 27 నెలలు. ఈ ఉత్తరమంతా మొదటి మూడు నెలల శిక్షణ గురించే. మిగతా రెండేళ్లు ఎలా గడుస్తాయో చాలావరకు అప్పుడే తేలిపోతుంది.

నువ్వు సేవ చేయడానికి వెళ్తున్నావు, నిజమే. అయితే శిక్షణ రోజుల్లో సేవ చేసేది నిన్ను తమ ఇంట్లో ఉంచుకునే పల్లె కుటుంబం, చేయించుకునేది నువ్వు. నీళ్లు మోయడం, కట్టెల పొయ్యి రాజేయడం, ఒక్క బకెట్టు నీళ్లతో స్నానం ముగించడం అన్నీ నీకు ఆ ఇంటివాళ్లే నేర్పాలి. నాలుగేళ్ల పిల్లకు చేతనైనవి కూడా నీకు చేతకావు. సిగ్గుపడకు తల్లీ. నేను సిగ్గుపడ్డాను. అన్నీ తెలిసినదానిలా ఉండబోయి మొదటి నెలంతా పాడుచేసుకున్నాను.

అన్నిటికంటే ముందు పలకరింపు నేర్చుకో. అక్కడి చిచేవా భాషలో పొద్దున్నే "మ్వాద్జుకా బ్వాంజీ?" అంటారు, ఎలా నిద్ర లేచారని. "న్దాద్జుకా బ్వినో, కాయా ఇను?" అనాలి. బాగానే లేచాను, మరి మీరో అని. మొదటి వారంలో ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని బోరింగు దగ్గర కూర్చున్న ఒక ముసలావిడను పలకరించకుండా గబగబా వెళ్లిపోయాను. సాయంత్రానికి నేను ఉంటున్న ఇంటి అమ్మకు ఆ సంగతి చేరింది. ఆమె కోప్పడలేదు. "అగోగో నీకు ఏమైందోనని బెంగపడింది" అంది. అగోగో అంటే అమ్మమ్మ, తాతయ్య ఎవరైనా. పలకరించకుండా పోయానంటే నాకేదో కష్టం వచ్చిందనే ఆవిడ అనుకుంది. మర్నాడు అరగంట ముందు బయలుదేరి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని పలకరించాను. ఆ తర్వాత రెండేళ్లూ ఆ ఊళ్లో నాకు ఏ లోటూ రాలేదు.

నీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పెద్దవాళ్లను "ములి బ్వాంజీ" అని, పిల్లలను "ఉలి బ్వాంజీ" అని అడుగుతారు. అచ్చం మన మీరు, నువ్వు లాగే. నీతో వచ్చే మిగతా అమెరికన్ పిల్లలకు ఇది అంత తొందరగా పట్టుబడదు. నీకు ఇంట్లోనే వచ్చేసింది. ఎవరైనా కాలు జారినా, దగ్గినా "పేపానీ" అంటారు. క్షమించమని అడగడానికీ ఆ మాటే, మన "అయ్యో" బదులూ ఆ మాటే. ఏదైనా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు కుడిచేయి చాచి, ఎడమచేత్తో కుడి మోచేతిని తాకు.

ఇక తిండి. న్సిమా అంటే మొక్కజొన్న పిండి సంగటి అనుకో. ముందు పలచగా జావ కాస్తారు. అది కుతకుతలాడుతుండగా గుప్పెడు గుప్పెడు పిండి పోస్తూ మ్తికో అనే పొడుగాటి చెక్క తెడ్డుతో ఎనుపుతారు. చివరికొచ్చేసరికి భుజాలు లాగేస్తాయి. నన్ను కలపమన్న రోజు ఉండలు కట్టింది. ఇంటి అమ్మ నా చేతుల మీద తన చేతులు వేసి, కుండ అంచుకు ఆనించి ఎలా నలపాలో చూపించింది. ఆ చేతుల బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. నంజుకోవడానికి వేరుశనగ పొడి వేసిన ఆకుకూరో, ఉసీపా అనే ఎండు చిరుచేపలో పెడతారు. చేత్తోనే తినాలి. మా ఇంట్లో రాగి సంగటి తిన్న పిల్లవు, నీకు కొత్తేమీ కాదు.

నువ్వు వెళ్లే జూన్ నాటికి పంట ఇంటికొచ్చి ఉంటుంది, అందరి కడుపులూ నిండుగా ఉంటాయి. అది చూసి ఏడాదంతా అంతే అనుకోకు. కోత మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనే. జనవరికల్లా చాలా ఇళ్లలో న్‌ఖోక్వే, అంటే వెదురు గాదె, అడుగంటుతుంది. అయినా గడప తొక్కిన అతిథికే ముందు వడ్డిస్తారు. ఆ నెలల్లో భోజనం వేళకు ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్లకు. చక్కెర, ఉప్పు, సబ్బు, ఏదో ఒకటి పట్టుకెళ్లు. ఇది మాత్రం మరిచిపోవద్దని నిన్ను బతిమాలుతున్నాను.

నీ రంగు చూసి "మ్వేన్యే" అంటారు, భారతీయురాలని. అక్కడి పట్టణాల్లో గుజరాతీల దుకాణాలు తరతరాలుగా ఉన్నాయి. నన్నూ మీ కొట్టు ఎక్కడని అడిగేవారు. నొచ్చుకోకుండా, ఎక్కడినుంచి వచ్చావో వాళ్ల భాషలోనే చెప్పు. సంభాషణ అక్కడినుంచే మొదలవుతుంది.

శిక్షణ డెడ్జా వైపేనన్నావు కదా, అది 1,500 మీటర్లకు పైన ఉన్న ఊరు. జూన్, జూలైల్లో చలి కొరికేస్తుంది, మంచి స్వెట్టరు పెట్టుకో. పల్లెలో మోకాళ్లు కనబడకుండా చితేంజే గుడ్డ చుట్టుకో. మలావీ మొదటి అధ్యక్షుడు బండా పాలనలో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోకూడదని చట్టమే ఉండేది. ఆ చట్టం పోయినా ముసలివాళ్ల కళ్లకు ఆ అలవాటు పోలేదు.

మలేరియా మాత్ర ఒక్కరోజు కూడా మానకు. ఒంట్లో బాగానే ఉందని నేను పది రోజులు మానేశాను, ఆ నెలలోనే మంచం పట్టాను. జ్వరం తగిలితే తెల్లారనిద్దామని ఆగకు, వెంటనే పరీక్ష చేయించుకో. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకో. మలావీ సరస్సు ఎంత అందంగా ఉన్నా మీ డాక్టరును అడగకుండా దిగకు. ఆ నీళ్లలో బిల్హార్జియా ఉంటుంది, అంటే చర్మంలోంచి ఒంట్లోకి దూరే పురుగుల జబ్బు.

మన ఇంటి ఫోటోలు నాలుగు కాగితం మీద అచ్చు వేయించి తీసుకెళ్లు. వాళ్లు ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపిస్తూ ఎవరని అడుగుతారు. మొదటి ఉత్తరంలో మీ ఇంటి అమ్మ నిన్ను ఏమని పిలుస్తోందో రాయి. న్సిమా ఉండలు కట్టిందో లేదో కూడా రాయి.

మీ అత్త