ఎకాలజీ జర్నల్ విలువను ఎలా లెక్కగట్టాలి? కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, మన తీరంలో సాగు మానేసిన రొయ్యల గుంటలకు వచ్చే వలస పక్షులపై పీహెచ్‌డీ చేస్తోంది. మొదటి పరిశోధన వ్యాసం సిద్ధమైంది. గైడ్ ఒక ఎకాలజీ జర్నల్ పేరు చెప్పారు. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.2 మాత్రమే, ప్రచురణకు ఎనిమిది నెలలు పట్టవచ్చట. ఈలోగా మరో జర్నల్ వారు తమ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.843 అనీ, ఆరు వేలు కడితే వారంలో వేస్తామనీ మెయిల్ పంపారు. ఉద్యోగానికి ఏది పనికొస్తుంది? అసలు ఒక జర్నల్ పరిశోధన ప్రభావాన్ని ఎలా కొలుస్తారు?

జవాబు: గైడ్ చెప్పిన జర్నల్‌కే వ్యాసాన్ని పంపించండి. వారంలో వేస్తామన్న వారికి డబ్బు కట్టవద్దు, వ్యాసం ఫైలు కూడా ఇవ్వవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పేరున్న జర్నల్‌కు వ్యాసం చేరాక, సంపాదకులు దాన్ని అదే విషయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలకు పంపుతారు. పక్షులను ఏ నెలల్లో, ఏ వేళల్లో లెక్కించారు, ఒకే గుంపును రెండుసార్లు లెక్కపెట్టకుండా ఏ జాగ్రత్త తీసుకున్నారు, ఎన్ని గుంటలను పోల్చారు, వాడిన గణాంక పద్ధతి ఆ సంఖ్యలకు సరిపోతుందా అని వారు ఒక్కొక్కటిగా ప్రశ్నిస్తారు. దీన్నే సమీక్ష అంటారు. మీ అమ్మాయి వాటికి జవాబులు రాసి, వ్యాసాన్ని సవరించి మళ్లీ పంపాలి. ఇది వారంలో తెమిలే పని కాదు, తెమిలిందంటే ఆ వ్యాసాన్ని ఎవరూ చదవలేదని అర్థం.

ఇక 7.843 సంగతి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే ఆలోచనను 1955లో అమెరికాకు చెందిన యూజిన్ గార్‌ఫీల్డ్ ప్రతిపాదించారు. 1975 నుంచి అది జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ పేరుతో ఏటా వెలువడుతోంది. ప్రస్తుతం దీన్ని క్లారివేట్ అనే సంస్థ లెక్కించి, సాధారణంగా జూన్‌లో విడుదల చేస్తుంది. లెక్క సులభమే. ఒక జర్నల్ 2023లో 60, 2024లో 40 వ్యాసాలు వేసిందనుకుందాం. ఆ వందింటిని 2025లో ఇతర వ్యాసాలు మొత్తం 150 సార్లు ఉటంకిస్తే, 2025కు దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.5 అవుతుంది. అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. 2023లో విడుదలైన జాబితా నుంచి క్లారివేట్ ఈ అంకెను ఒకే దశాంశ స్థానానికి చూపుతోంది కాబట్టి, ఈ ఏడాది ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.843 అని ఎవరైనా మూడు దశాంశాలు రాశారంటే అది ఆ సంస్థ ఇచ్చిన అంకె కాదని అనుమానించవచ్చు. అంతర్జాతీయ, సార్వత్రిక వంటి విశేషణాలు తగిలించి, రుసుము తీసుకుని ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. అలాంటి అంకెలకు ఏ నియామక కమిటీ దగ్గరా విలువ ఉండదు. క్లారివేట్ వారి మాస్టర్ జర్నల్ లిస్ట్‌లోనూ, స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల సూచిక వారి సోర్సెస్ పేజీలోనూ జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉచితంగా వెతుక్కోవచ్చు. ఐఎస్ఎస్ఎన్ ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు, అది పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. అసలైన జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి, జాబితాలో కనిపించిన ప్రచురణకర్త చిరునామానూ, మెయిల్ వచ్చిన చిరునామానూ పోల్చి చూడమనండి.

మీ ప్రశ్నలో అసలు ముఖ్యమైన భాగం 1.2 తక్కువా అన్నది. జీవావరణ శాస్త్రంలో, అంటే ఎకాలజీలో, అది సిగ్గుపడవలసిన అంకె కాదు. ఎందుకో మీ అమ్మాయి పనినే ఉదాహరణగా తీసుకుని చూద్దాం. నెల్లూరు తీరంలో ప్రధాన వర్షాలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. వలస పక్షులు వచ్చేదీ ఆ చలికాలంలోనే. ఆమె వ్యాసం 2026లో అచ్చయిందనుకోండి. దాన్ని చదివిన మరో పరిశోధకుడు కొత్తపట్నం దగ్గరో, పులికాట్ దగ్గరో అదే ప్రశ్నతో పని మొదలుపెడితే, కనీసం రెండు శీతకాలాలు క్షేత్రంలో తిరిగి, లెక్కలు కట్టి, వ్యాసం రాసి, సమీక్ష దాటి ప్రచురించేసరికి 2030 వస్తుంది. ఆయన తన వ్యాసంలో మీ అమ్మాయి పనిని గౌరవంగా ఉటంకిస్తారు కానీ, రెండేళ్ల కిటికీలోంచి మాత్రమే చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలోకి ఆ ఉటంకింపు రానే రాదు. ప్రయోగశాలలో నెలల్లో ఫలితం తేలే శాఖలకు ఈ ఇబ్బంది తక్కువ. అందుకే జీవావరణ శాస్త్రపు జర్నల్‌ను అంచనా వేసేటప్పుడు అయిదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌నూ, సైటెడ్ హాఫ్ లైఫ్ అనే కొలతనూ తప్పక చూడాలి. ఈ రెండోది ఒక ఏడాదిలో జర్నల్‌కు వచ్చిన ఉటంకింపుల్లో సగం ఎన్నేళ్ల వెనకటి వ్యాసాల వరకు పోతున్నాయో చెబుతుంది. 1920లో మొదలైన ‘ఎకాలజీ’ వంటి పాత జర్నళ్లకు ఇది పదేళ్లు దాటి ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా ఒక వ్యాసం పనికివస్తోందంటే, నా దృష్టిలో ఆ శాస్త్రంలో అంతకంటే గొప్ప ప్రభావం లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది సగటు. ఒక ఊళ్లో ఇరవై మంది రైతులు తలా రెండెకరాల్లో రొయ్యలు వేసి, ఒకే ఒక్కరు రెండు వందల ఎకరాలు సాగు చేస్తుంటే, ఊరి సగటు పదకొండెకరాల పైచిలుకు తేలుతుంది, కానీ ఆ ఊళ్లో పదకొండెకరాల రైతు ఒక్కరూ ఉండరు. జర్నళ్లలోనూ కొద్ది వ్యాసాలకే ఉటంకింపులు కుప్పలుగా వస్తాయి, చాలా వాటికి సగటు కంటే తక్కువే వస్తాయి. పైగా ఒక విషయంపై అప్పటికే వచ్చిన పరిశోధనలను క్రోడీకరించే సమీక్షా వ్యాసాలను ఎక్కువ మంది ఉటంకిస్తారు కాబట్టి, ప్రధానంగా వాటినే వేసే ‘ట్రెండ్స్ ఇన్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ వంటి పత్రిక అంకె క్షేత్ర పరిశోధనలు వేసే పత్రిక కంటే సహజంగానే ఎక్కువ ఉంటుంది. జర్నల్ అంకెను బట్టి ఒక వ్యాసం విలువనో, ఒక వ్యక్తి ప్రతిభనో తేల్చవద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా కోరింది. ప్రపంచవ్యాప్తంగా అనేక సంస్థలు దానిపై సంతకం చేశాయి.

నాలుగేళ్ల వ్యవధి తీసుకునే సైట్‌స్కోర్, ఉటంకించిన జర్నల్ స్థాయిని కూడా లెక్కలోకి తెచ్చే ఎస్‌జేఆర్, శాఖల మధ్య తేడాను సవరించే స్నిప్ అనే ఇతర కొలతలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఎకాలజీ విభాగంలోని ఇతర జర్నళ్లతో మాత్రమే పోల్చాలి, వైద్య పత్రికలతో పోల్చితే ఏ పక్షుల జర్నల్ అయినా చిన్నగానే కనిపిస్తుంది.

అంకెలు పక్కన పెట్టి మీ అమ్మాయిని ఒక పని చేయమనండి. గైడ్ చెప్పిన జర్నల్‌లో ఏడెనిమిదేళ్ల కిందట చిత్తడి నేలలపై వచ్చిన వ్యాసాలను ఓ పది ఎంచుకుని, గూగుల్ స్కాలర్‌లో ఒక్కొక్కదాని కింద ఉండే ‘సైటెడ్ బై’ నొక్కి, వాటిని ఎవరు వాడుకున్నారో చదవాలి. రాసినవారే తమను తాము ఉటంకించుకున్నారా, లేక వేరే దేశాల్లో, వేరే తీరాల్లో పనిచేసేవారు ఆ పద్ధతిని తీసుకున్నారా? అటవీ శాఖ నిర్వహణ ప్రణాళికల్లో, అంతరించే ముప్పున్న జీవులను నమోదు చేసే ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ మదింపుల్లో ఆ వ్యాసాలు కనిపిస్తున్నాయా? ఒక పూట కూర్చుంటే తెలిసే ఈ సంగతులు ఏ ఒక్క అంకెలోనూ ఉండవు. మన దేశంలోంచి వెలువడే ‘ట్రాపికల్ ఎకాలజీ’, ‘జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా’, 1886 నుంచి వస్తున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లను కూడా ఇదే కంటితో చూడాలి.

ప్రభావం అంటే ఏమిటో చూపడానికి మన పెన్నా లోయలోనే ఒక నిదర్శనం ఉంది. 1848లో థామస్ జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి తెలియజేసిన కలివి కోడి, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట పొదల మధ్య తిరిగే ఆ పక్షిని లెక్కించడం దాదాపు అసాధ్యం. అందుకని పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి చదును చేసి, తెల్లవారాక ఆ మట్టిలో పడిన మూడు వేళ్ల అడుగుల గుర్తులను కొలిచి, పక్షి ఎక్కడెక్కడ తిరుగుతోందో, ఎంత దట్టమైన పొదలను ఇష్టపడుతోందో తేల్చారు. ఆ పద్ధతి 2004లో ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఎకాలజీ’లో వచ్చింది. తర్వాత సోమశిల, కండలేరు జలాశయాలకు నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి ఆవాసాన్ని తాకినప్పుడు, ఆ పరిశోధన బృందాల వద్ద ఉన్న ఆధారాలు అక్కరకు వచ్చి, కాలువ దారి మార్చారు. ఒక కాలువ దారి మారడం ఏ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లోనూ ఒక్క దశాంశమైనా పెంచదు.

ఉద్యోగం విషయానికి వస్తే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అభ్యర్థులను వడపోసేటప్పుడు సమీక్షిత జర్నల్‌లోని ఒక్కో వ్యాసానికి 2 మార్కులు, గరిష్ఠంగా 10 మార్కులు ఇస్తారు. అక్కడ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రస్తావనే లేదు, అదే పట్టికలో పీహెచ్‌డీకి 30, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో కూడిన నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష)కు 7 మార్కులున్నాయి. కాబట్టి నెట్ ఇంకా రాయకపోతే ముందు దానిపై దృష్టి పెట్టించండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కకు వచ్చేది అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ వంటి ఉన్నత పోస్టులకు వాడే పరిశోధన స్కోరులో. 1 నుంచి 2 మధ్య ఉంటే 15 పాయింట్లు, 5 నుంచి 10 మధ్య ఉంటే 25 పాయింట్లు కలుస్తాయి. కానీ ఆ అంకె థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారమే ఉండాలని నిబంధన, ఇప్పటి క్లారివేట్ జాబితా దాని వారసత్వమే. మెయిల్‌లో వచ్చిన 7.843కు అక్కడ చోటు లేదు, గైడ్ చెప్పిన 1.2 జాబితాలో ఉంటే దానికి మాత్రం ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆనాటికి అమల్లో ఉన్న నిబంధనలను మరోసారి సరిచూసుకోవాలి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరు ఐఐఎస్‌సీలోని జీవావరణ శాస్త్ర కేంద్రం వంటి చోట్ల ప్రాజెక్టుకో, ఫెలోషిప్‌కో వెళ్తే, ఎదురుగా కూర్చున్నవారు ఆమె వ్యాసాన్నే చదివి ప్రశ్నలడుగుతారు. సమీక్షకులకు జవాబులు రాసిన అనుభవం ఆమెకు అక్కడ అక్కరకు వస్తుంది. నకిలీ పత్రికలో పేరు ఉంటే మాత్రం దరఖాస్తులో దాన్ని చూసిన అనుభవజ్ఞులు మిగతా పనిని కూడా అనుమానిస్తారు, ఆ మచ్చ తుడవడం కష్టం.

‘యూజీసీ ఆమోదం పొందిన జర్నల్’ అని ఇంకా రాస్తున్నవారిని కూడా నమ్మవద్దు. ఆమోదిత జర్నళ్ల కోసం నడిచిన యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తివేశారు, జర్నల్‌ను ఎంచుకునే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థలదీ, పరిశోధకులదీ. థీసిస్ సమర్పించే ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న షరతును కూడా యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా షరతు పెట్టిందేమో పరిశోధన విభాగంలో అడిగి తెలుసుకుంటే, ఎనిమిది నెలల నిరీక్షణ గురించిన మీ ఆందోళన చాలావరకు తీరుతుంది. ఆమె చదివేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే, 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు ఆమెకు అందుబాటులో ఉంటాయి. పంపబోయే జర్నల్ తాజా సంచికలను చదివాకే వ్యాసానికి తుది రూపం ఇవ్వడం మంచిది.

ఒకవేళ ఇప్పటికే ఆ మెయిల్‌కు వ్యాసం జతచేసి పంపి ఉంటే, కాపీరైట్ పత్రంపై సంతకం చేయకుండా, వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నామని గైడ్‌కు కాపీ పెట్టి ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయమనండి. ఒకే వ్యాసం ఒకేసారి రెండు జర్నళ్ల దగ్గర ఉండకూడదు కాబట్టి, ఆ ఉపసంహరణ మెయిల్ వెళ్లిన తర్వాతే గైడ్ చెప్పిన జర్నల్‌కు సమర్పించాలి. ఉపసంహరణకు కూడా రుసుము కట్టమని వారు బెదిరిస్తే కట్టవద్దు, ఆ మెయిళ్లన్నీ భద్రపరచి, జరిగినదంతా గైడ్ ద్వారా కొత్త జర్నల్ సంపాదకులకు ముందే తెలియజేయండి.