నీళ్ళు ఇంకిస్తున్నారు సరే, తోడేది ఎవరు లెక్కేస్తున్నారు?

"చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలు, ఫారంపాండ్లు, డ్రిప్పు... ప్రభుత్వాలు ఇన్ని చేసినా రాయలసీమలో బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి? ఇందులో ఏదైనా నిజంగా పనిచేసిందా?" అని కదా మీ ప్రశ్న. మాది అనంతపురం జిల్లా. 2022లో జిల్లాను చీల్చాక మా ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ నా నోటికి ఇంకా అనంతపురమే వస్తుంది. మా నాయన ఇప్పటిదాకా ఏడు బోర్లు వేయించాడు. ఈరోజు నీళ్ళు పోసేది ఒక్కటే. కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా.

ఆ ఏడింటిలో నాలుగో బోరు సంగతి ముందు చెప్పాలి. అది చెబితే సగం జవాబు అయిపోతుంది.

2003 ఎండాకాలం. ముందు ఏడాది వాన మొహం చాటేసింది, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం కూడా వెనక్కి రాలేదు. మాకు ఎకరాన్నరలో చీనీ (బత్తాయి) తోట ఉండేది. ఐదేళ్ళు బిందెలతో మోసి, మోటారుతో పారించి పెంచిన చెట్లు, అప్పుడప్పుడే కాపుకొస్తున్నాయి. బోరేమో నీళ్ళకు బదులు గాలి కక్కుతోంది. పావుగంట పోస్తుంది, గంట ఆగుతుంది. నాయన ఎద్దుల్ని అమ్మేశాడు. మా ఇళ్ళల్లో ఎద్దుల్ని అమ్మితే ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాదు. ఆ డబ్బుతో కొత్త బోరు.

పాయింటు చూడటానికి ఒకాయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరిగాడు. అది లేచి నిలబడిన చోట సున్నంతో గుర్తు పెట్టాడు. ఆ గుర్తు నుంచి పక్క చేనాయన బోరుకు సరిగ్గా నలభై అడుగులేస్తే సరి. వాళ్ళ చేన్లో పెద్ద చింతమాను ఉండేది, అందుకని మేం ఆయన్ని చింతమాను మామ అనేవాళ్ళం. నాయనకు బావ వరస.

అంతకు ముందు ఏడాదే వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్టు చట్టం, 2002. బోరు వేయాలంటే అనుమతి కావాలి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు, నీళ్ళు మరీ ఎక్కువగా తోడేసిన ఊర్లలో సేద్యానికి కొత్త బోరే కూడదు. కాగితం మీద చూస్తే బంగారం లాంటి చట్టం. కానీ టెంకాయకు వాల్టా తెలీదు కదా. నాయన అర్జీ పెట్టి రెండు నెలలు తిరిగాడు. చివరికి ఆ కాగితాలు చూసే సారు ఒకాయన, ఏ ఆఫీసని అడగొద్దు, "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు, రాత్రిపూట కానియ్" అన్నాడు.

రాత్రిపూట! బోరు బండి శబ్దం మీరెప్పుడైనా విన్నారా? తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన లారీలు రెండు, ఒకటి డ్రిల్లింగ్‌ది, ఒకటి కంప్రెషర్‌ది. మూడు ఊర్లకు వినపడుతుంది. అంత రహస్యంగా మేం చట్టాన్ని అతిక్రమించాం.

మా జేజి (నాయనమ్మ) కర్పూరం వెలిగించి, నిమ్మకాయలు కోసి పెట్టింది. తమిళ పిల్లోళ్ళు రాడ్డు మీద రాడ్డు దింపుతున్నారు. రాడ్డుకు 20 అడుగులు. ఒక్కో రాడ్డుకూ నాయన ఒక గులకరాయి పక్కన పెడుతున్నాడు. పది రాళ్ళు అయ్యాయి, తెల్లటి పొడి. పదిహేను రాళ్ళు, పొడే. మా ఒంటి మీద, జేజి జుట్టు మీద, నిమ్మకాయల మీద, అంతా రాతిపిండి. "ఆపేద్దామా?" అని డ్రైవరు చేత్తో సైగ చేశాడు. అడుగు అడుగుకీ డబ్బు కదా. నాయన తల అడ్డంగా ఊపాడు. పదిహేడో రాయి దగ్గర పొడి కాస్త ముద్ద ముద్దగా వచ్చింది. పంతొమ్మిదో రాడ్డు సగంలో ఉండగా ఒక్కసారి తడి రాయి వాసన, ఆ వెంటనే బురద నీళ్ళు చెట్టంత ఎత్తు లేచాయి. నాయన ఆ బురద కింద నిలబడి మొహం కడుక్కున్నాడు. ఆయన ఏడుస్తున్నాడో కడుక్కుంటున్నాడో నాకు తెలియలేదు. పదమూడేళ్ళవాణ్ణి, ఎగిరి గంతులేశాను.

మబ్బులోనే, ఇంకా తెల్లారకముందే, చింతమాను మామ వచ్చాడు. తలకు టవలు చుట్టుకుని గనిమ (చేని గట్టు) మీద నిలబడ్డాడు.

"ఎంత పడింది బావా?"

"రెండున్నర అంగుళాల నీళ్ళు."

"మంచిదిలే" అని కాసేపు ఆ పారే నీళ్ళ వైపే చూసి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజుకు ఆయన బోరు అంగుళానికి పడింది. నెల తిరిగేసరికి ఆగిపోయింది. మా రెండున్నర అంగుళాలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. ఆయన గొడవకు రాలేదు, పంచాయితీ పెట్టలేదు. మరుసటి ఏడాది అప్పు తెచ్చి 450 అడుగులు వేయించాడు. మాది తగ్గింది. మేం 520 వేశాం. ఇట్లా ఇద్దరం కలిసి ఒకే రాతి పగులును పై నుంచి కిందిదాకా తాగేశాం. మా చీనీ చెట్లు సగం ఎట్లాగూ పోయాయి.

మా నేల కింద ఉన్నది నల్లరేగడి మట్టి కాదు, గ్రానైటు. పైన కొంత లోతు వరకు రాయి చివికి మెత్తబడి ఉంటుంది, మా తాతల బావులన్నీ ఆ పొరలోవే. దాని కిందకు పోతే పగుళ్ళలో దొరికినదే నీళ్ళు. వెయ్యి అడుగులు పోయినా అక్కడ చెరువేమీ ఉండదు. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. లోతుకు పోతే గంగమ్మ ఉంటుందనే నమ్మాం. ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు.

ఇక ప్రభుత్వాల సంగతి. 2000లో వాన నీళ్ళు ఇంకించాలని నీరు-మీరు కార్యక్రమం వచ్చింది. బడి పిల్లలమంతా ర్యాలీ చేశాం, ఇంకుడు గుంతల పాట పాడాం. మా బడి ఆవరణలో తవ్విన గుంత రెండేళ్ళకు చాక్‌పీసు ముక్కలు, కాగితాలు పారేసే గుంత అయింది. 2006లో ఉపాధి హామీని మన్మోహన్ సింగ్ వచ్చి మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు, ఆ గొప్ప మాకుంది. దాని కింద కుంటలు తవ్వారు, కొన్ని చెక్‌డ్యాములు వచ్చాయి. మా వంకకు కట్టిన చెక్‌డ్యాము నిజంగా పనిచేసింది, అబద్ధం చెప్పకూడదు. మూడో ఏడు పక్కనున్న పాతబావిలో నీళ్ళు కనపడ్డాయి. తర్వాత పూడిక తీసే దిక్కులేక ఇసుకతో నిండిపోయింది. కట్టడానికి ఉన్న బిల్లు పూడిక తీయడానికి ఉండదు. ఫారంపాండ్ అయితే మా చేన్లో పై మూలన తవ్వారు. అక్కడ నేల మెత్తగా ఉందట, తవ్వకం సులువట. వాన నీళ్ళు ఎత్తుకు పారుతాయని వాళ్ళకు ఎవరు చెప్పారో! ఆ గుంటలో ఇప్పుడు మా మేకలు నీడకు పడుకుంటాయి. 2016లో రెయిన్ గన్నులని పెద్ద పైపులు తెచ్చి ఎండుతున్న చెనిక్కాయకు నీళ్ళు చిమ్మారు. చూడటానికి బాగుంది. ఆ నీళ్ళు ఎక్కడినుంచి తేవాలన్నదే కదా అసలు ప్రశ్న.

డ్రిప్పు గురించి మాత్రం అందరూ ఒకటే మాట, "నీళ్ళు ఆదా". 2003 చివర్లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు పెట్టి సబ్సిడీతో ఇచ్చారు. మాకూ వచ్చింది. నీళ్ళు నిజంగానే ఆదా అయ్యాయి. ఆదా అయిన నీళ్ళతో నాయన ఏం చేశాడంటే, ఎకరాన్నర తోటను మూడెకరాలు చేశాడు. మోటారు ఆడిన గంటలు అవే. భూమిలోంచి వచ్చిన నీళ్ళూ అవే. నాయన తప్పు చేశాడని నేననను, మీరైనా అదే చేస్తారు. కానీ ఆ ఆదా భూమికి చేరిందని ఎవరైనా చెబితే మాత్రం నవ్వొస్తుంది.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. దీని గురించి మాట్లాడితే ఇద్దరు కొడతారు, ముగ్గురు మెచ్చుకుంటారు. తీసేయమని నేననడం లేదు. బిల్లు కట్టలేక మా నాయన దాక్కున్న రోజులు నాకు గుర్తున్నాయి. మోటార్లకు మీటర్లు అన్నప్పుడు మా ఊర్లో భగ్గుమన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేను చెప్పేది ఆటో స్టార్టరు గురించి. కరెంటు విడతలుగా, సగం రాత్రిపూట వచ్చేది. రాత్రి చేనుకు పోతే పాములు. అందుకని ప్రతివాడూ ఆటో స్టార్టరు పెట్టాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటది ఆడుతుంది. తడిసిన మడే మళ్ళీ తడుస్తుంది, నీళ్ళు దారి మీదికి పారుతుంటాయి, మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు. నీటి పొదుపు మీద గోడ రాతలు ఎన్ని రాయించారో, రాత్రిపూట కరెంటు ఎంత నీళ్ళను బయట పోయించిందో ఎవరైనా లెక్క తీశారా?

అసలు లెక్క ఇదీ. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల పైన. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అంటే ఎకరాకు 22 లక్షల లీటర్లు. రాతి నేలలో దానిలో పదో వంతు కిందికి దిగితే గొప్ప, అంటే రెండు లక్షల చిల్లర. బోరు కింద ఎకరా వరికి 1200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. ఒక ఎకరా వరి మడి ఇరవై ఎకరాల వాటా తాగుతుంది. ఈ లెక్క నాకు ఇంజనీరు చెప్పలేదు, మా మేనత్త చెప్పింది. మూడో తరగతి చదివిన మనిషి.

వాళ్ళ ఊర్లో రైతులే భూగర్భ జలాలు కొలిచే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఏపీఫామ్స్ అనేవాళ్ళు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో చేశారు. ఒక ఇంటి మిద్దె మీద వాన కొలిచే డబ్బా. ఊర్లో కొన్ని బోర్లలో పదిహేను రోజులకోసారి టేపు వదిలి నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో చూసేవాళ్ళు. రచ్చబండ దగ్గర గోడ మీద ఆ అంకెలు రాసేవాళ్ళు. వానాకాలం అయ్యాక రైతులంతా కూర్చుని, ఇంత వాన పడింది, ఇంత దిగింది, మనం వేయాలనుకున్న పంటలకు ఇంత కావాలి, ఇంత తక్కువ పడుతుంది అని చార్టు మీద రాసుకునేవాళ్ళు. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పరు. జరిమానా లేదు, పోలీసు లేడు. 2008లో నేను సెలవులకు పోయినప్పుడు మేనత్త టేపు పట్టుకుని బోరు దగ్గర కూర్చుని అంకె చదువుతోంది. "పోయిన నెలకంటే నాలుగడుగులు కిందికి పోయింది, ఈసారి రెండు మళ్ళు వదిలేస్తా, రాగులు చల్లుకుంటా" అంది. ఎవరూ అడగకుండానే!

ఇంటికొచ్చి నాయనకు చెబితే, "మన బోరులో ఎన్ని అడుగుల్లో ఉన్నాయో పదిమందికి చెప్పుకుంటే దిష్టి తగుల్తాదిరా" అన్నాడు.

నా దృష్టిలో ఎవరు చేసినవైనా అన్నింటిలోకీ పనికొచ్చింది ఆ టేపూ ఆ గోడా. అన్నింటికంటే తక్కువ ఖర్చు కూడా అదే అయివుంటుంది. ప్రాజెక్టు 2010 ప్రాంతంలో అయిపోయింది. మేనత్త వాళ్ళ ఊర్లో ఆ గోడకు సున్నం వేసేశారు. ఇక విచిత్రం చూడండి, కేంద్రం 2019 డిసెంబరులో అటల్ భూజల్ యోజన అని 6,000 కోట్లతో ఇదే పని మొదలుపెట్టింది, ఊరే నీటి బడ్జెట్ వేసుకోవాలని. ఏడు రాష్ట్రాలకిచ్చింది. హర్యానా ఉంది, గుజరాత్ ఉంది, పక్కనున్న కర్ణాటక ఉంది. మనం లేము. పదేళ్ళ ముందే చేసి చూపించినోళ్ళకు పిలుపు లేదు. మన దగ్గరేమో 2020లో జలకళ అని ఉచితంగా బోర్లే వేయించడం మొదలుపెట్టారు. ఒక చేతిలో వాల్టా, ఇంకో చేతిలో బోరు బండి.

2020, 2021 వానలు గుర్తున్నాయా? 2021 నవంబరులో చిత్రావతి, పెన్న పొంగాయి. మా చేన్లో మోటారు వేయకుండానే కేసింగు పైపులోంచి నీళ్ళు పైకొచ్చాయి. జేజి బతికుంటే మళ్ళీ కర్పూరం వెలిగించేది. ఆ ఏడు మా ఊర్లో ఏమైంది? చీనీ తోటలు తీసేసినోళ్ళు సైతం వరి నాటారు. పాతికేళ్ళ పథకాలు చేయలేని పని వాన రెండేళ్ళలో చేసిపెట్టింది, దాన్ని మేం మూడేళ్ళలో తాగేశాం. హంద్రీ-నీవా కాలవ నీళ్ళు చెరువులకు వచ్చిన ఊర్లు కాస్త నయం. మాది కాలవకు పైన ఉంది.

పోయిన వారం నాయన ఫోన్ చేశాడు. చింతమాను మామ పోయి నాలుగేళ్ళయింది, సేద్యం ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. మన గనిమకు ఆనుకునే పాయింటు పెట్టించినాడంట, 900 అడుగులు దించుతాడంట.

"పర్మిషన్ ఉందా నాయనా?" అన్నాను.

"మనకుండెనా?" అని ఫోన్ పెట్టేశాడు.