గోడ ఆరనిదే రంగు జోలికి వెళ్ళవద్దు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, మీ పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్న లేఖ.

సంక్రాంతిలోపు ఇంటికి కొత్తగా రంగులు వేయించాలనీ, పడకగదిలో ఒక గోడకు వాల్‌పేపర్ అంటించాలనీ నువ్వు ఫోన్‌లో చెప్పిన దగ్గర నుంచి నా ధ్యాస విజయవాడ సింగ్‌నగర్‌లోని మీ ఇంటి మీదే ఉంది. ఏ రంగులైతే బాగుంటాయో రాయమని అడిగావు. అయితే నువ్వు పంపిన ఫొటోల్లో నా దృష్టి రంగుల మీద నిలవలేదు. హాలు గోడకు కింది మూడడుగుల మేర పాత రంగు బొబ్బలెక్కి, పెచ్చులుగా లేచి, దాని వెనక నుంచి పిండి చల్లినట్లు తెల్లటి ఉప్పు పొంగి ఉండటం కనిపించింది. ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరు, విజయవాడల్లో ఇళ్ళకు రంగుల పని చేయించినవాడిగా చెబుతున్నాను, ఆ గోడ మీద ఈ రోజు ఎంత ఖరీదైన రంగు వేయించినా వచ్చే వానాకాలానికి అది మళ్ళీ రాలిపోతుంది. అందువల్ల ముందు గోడ సంగతి రాసి, రంగుల మాట తరవాత రాస్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు మీ పేటను ముంచెత్తినప్పుడు మీ గోడలు రోజుల తరబడి నానాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు ఇటుక, సిమెంటు పూత నీటిని పైకి పీల్చుకుంటాయి. ఆ నీటిలో నేలలోని ఉప్పు, ఇటుకలోని ఉప్పు కరిగి ఉంటాయి. నీరు గోడ ఉపరితలానికి వచ్చి ఆవిరైపోతుంది గాని, ఉప్పు అక్కడే గడ్డకట్టి, రంగును, దాని కింద గోడను నున్నచేసే పుట్టీని వెనక నుంచి నెట్టివేస్తుంది. వరద తీసిన వెంటనే మీరు వేయించిన రంగు నిలవకపోవడానికి కారణం ఇదే. ఇల్లు త్వరగా మామూలు స్థితికి రావాలన్న మీ ఆరాటం నాకు అర్థమైంది కనుక అప్పుడు గట్టిగా వారించలేకపోయాను. ఈసారి మాత్రం వారిస్తున్నాను.

గోడ ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గల పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించి, ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉంచు. తీసి చూసినప్పుడు గోడవైపు నీటి బిందువులు ఉంటే చెమ్మ గోడలో నుంచి వస్తున్నట్లు, గదివైపు ఉంటే అది గాలిలోని తేమ అన్నట్లు లెక్క. హాలులో రెండుచోట్ల, వాల్‌పేపర్ అంటించదలచిన గోడకు ఒకచోట, వంటగదిలో ఒకచోట ఈ పరీక్ష చేయి. గోడవైపు తడి కనిపించినచోట ఆ తడికి మూలం వెతకాలి. వరద నాటి నీరే ఇంకా మిగిలి ఉండవచ్చు, స్నానాలగది టైల్స్ సందుల్లో నుంచి ఊరుతూ ఉండవచ్చు, గోడలోని పైపు కారుతూ ఉండవచ్చు, బయటి గోడకు పగులు ఉండవచ్చు. మూలాన్ని సరిచేయకుండా పైన నీరు చొరని పూత పూయించమని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. దారి మూసుకుపోయిన చెమ్మ ఆ పూతను దాటి ఇంకో అడుగు పైకెక్కి బయటపడుతుంది.

ఇక మరమ్మతు. చెడిపోయిన రంగును, పుట్టీని ఇనుప రేకుతో పూర్తిగా గీకించి, గోడను వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ వెళ్ళండి. డొల్ల శబ్దం వచ్చినచోట పూత ఇటుకను వదిలేసిందన్నమాట. అక్కడ మరక కనిపించే గీతకు మరో అడుగు పైదాకా పూతను కొట్టించి, కొత్తగా పూయించాలి. మిగిలిన చోట ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని చేటలోకి ఎత్తి బయట పారబోయించు. కడిగితే శుభ్రపడుతుందని పనివాళ్ళు నీళ్ళు కొడతారు, కొట్టనివ్వకు. కడిగిన నీటిలో ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. కొత్త పూతకు వారం, పది రోజులు నీళ్ళు కొట్టిన తరవాత కనీసం నెల రోజులు గాలికి ఆరనివ్వాలి. ఆ లెక్కన హాలు పని సంక్రాంతికి పూర్తి కాదు. పండగకు వచ్చే చుట్టాలు గీకిన గోడను చూస్తే ఏమనుకుంటారో అన్న దిగులు పెట్టుకోకు, వాళ్ళూ ఈ జిల్లాల వాళ్ళే, వరద అంటే ఏమిటో తెలిసినవాళ్ళే. పడకగది, పైగది ఈలోగా పూర్తి చేయించుకుని, హాలును మాఘమాసానికి వదిలిపెట్టు. తుపానుల కాలం గడిచి, ఎండ మరీ ముదరని ఆ రోజులు రంగుల పనికి అన్నిటికన్నా అనువైనవి.

వెనకగది విషయంలో నాకొక ఆలోచన ఉంది. సామాన్లు పెట్టుకునే ఆ గదికి ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే డబ్బా రంగు) బదులు సున్నం వేయించు. నా చిన్నతనంలో పిడుగురాళ్ళ నుంచి వచ్చిన, బట్టీలో కాల్చిన సున్నపురాయిని తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే అది కుతకుత ఉడికేది. చల్లారిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, తుమ్మబంక నీళ్ళు, చిటికెడు నీలిమందు కలిపి సంక్రాంతికి ముందు ఇంటిల్లిపాదీ వెల్ల వేసేవాళ్ళం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. పైగా గోడలోని చెమ్మను అడ్డగించకుండా బయటికి పోనిస్తుంది కనుక పొక్కులు లేవవు. పూర్తిగా ఆరడానికి ఏళ్ళు పట్టే గోడకు అంతకన్నా మంచి పూత నాకు తెలియదు. పలచగా మూడు చేతులు వేయించాలి, చిక్కగా ఒక్కసారి వేస్తే పెళుసుబారి రాలుతుంది. తరవాత ఎప్పుడైనా ఆ గోడకు ఎమల్షన్ వేయాలనుకుంటే మాత్రం సున్నాన్ని మొత్తం గీకించాల్సి ఉంటుంది.

వాల్‌పేపర్ మీద నీకున్న ముచ్చటను నేను కాదనను. అయితే నువ్వు ఎంచుకున్న గోడను మార్చుకోవాలి. మంచం తలవైపు గోడకు వెనక స్నానాలగది ఉంది. పదిహేనేళ్ళ కిందట పటమటలో ఒకరి ఇంట్లో అచ్చం అటువంటి గోడకే నేను వాల్‌పేపర్ అంటించాను. ఇంటివారు ముచ్చటపడ్డారు, నేనూ కాదనలేకపోయాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అంచులు లేచి, వెనకంతా నల్లటి బూజు పట్టింది. మొత్తం పీకించి నా ఖర్చుతోనే రంగు వేయించి ఇచ్చాను, ఆ పసిపిల్లల గదిలో అంతకాలం బూజు వాసన ఉందన్న బాధ మాత్రం నన్ను వదలలేదు. బయటి గోడ కూడా పనికిరాదు. మన ఉక్కపోత గాలిలోని తేమ బయటి నుంచి గోడలోకి వస్తుంది, లోపల ఏసీ చల్లదనానికి అది వాల్‌పేపర్ మీది వినైల్ అనే ప్లాస్టిక్ పొర వెనక నీరుగా మారి నిలిచిపోతుంది. అందువల్ల పడకగదికీ పైగదికి వెళ్ళే మెట్లకూ మధ్యనున్న లోపలి గోడను ఎంచుకో. అంటించేముందు అక్కడ చెదపురుగు దారులు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకో.

మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, సుమారు 33 అడుగుల పొడవు ఉంటుంది. మీ గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అన్నావు కనుక ఏడు పట్టీలు కావాలి. పైనా కిందా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి కోస్తే ఒక రోలుకు మూడు పట్టీలు వస్తాయి, అంటే మూడు రోళ్ళు చాలు. పెద్ద పెద్ద పూల డిజైను అయితే పువ్వుకు పువ్వు కలపడంలో కాగితం వృథా అవుతుంది, అప్పుడు నాలుగు తీసుకోండి. అన్ని రోళ్ళ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని దుకాణంలోనే చూడాలి, నంబరు మారితే రంగులో పిసరంత తేడా వచ్చి గోడంతా ఎక్కాక కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. మొదటి పట్టీని మూల ఆధారంగా అంటించనివ్వకు, ఏ ఇంటి మూలా నూటికి నూరుపాళ్ళు నిటారుగా ఉండదు. దారానికి గుండు కట్టి వేలాడదీసి, పెన్సిల్‌తో గీత గీయించి, ఆ గీత వెంట మొదలుపెట్టించు. ఆరేదాకా ఫ్యాను, ఏసీ వేయవద్దు, తొందరగా ఆరితే అతుకులు విచ్చుకుంటాయి.

రంగుల విషయానికి వస్తే, షేడ్ కార్డులోని చిన్న ముక్కను చూసి నిర్ణయించవద్దు. ఒక లీటరు మాత్రమే కలిపించి, గోడ మీద రెండడుగుల చదరంగా వేయించి, ఆరిన తరవాత ఉదయం, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద చూడు. గది నాలుగు గోడలకూ ఎక్కిన తరవాత ఏ రంగైనా కార్డులో కన్నా ముదురుగా కనిపిస్తుంది. నువ్వు అనుకున్న నేరేడు రంగు మీ హాలుకు తగదు, పక్క మేడ నీడవల్ల అక్కడ వెలుతురు తక్కువ. మీగడ రంగు గాని, లేత గంధం రంగు గాని వేసి, సీలింగుకు తెలుపు వేస్తే గది విశాలంగా కనిపిస్తుంది. పడమటి ఎండ పడే పడకగదికి లేత ఆకుపచ్చ కంటికి హాయిగా ఉంటుంది, వాల్‌పేపర్‌లో ఉల్లిపొర రంగు పూలుంటే దానితో చక్కగా కలుస్తుంది.

పుట్టీ తెల్లసిమెంటు రకానిదే తీసుకోండి, చెమ్మ చూసిన ఇంటికి జిప్సం రకం పనికిరాదు. సాండ్‌పేపర్ పట్టిన తరవాత రాత్రిపూట ఒక ట్యూబ్‌లైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలిగిస్తే ఎత్తుపల్లాలన్నీ నీడలుగా బయటపడతాయి. ఆ తనిఖీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయకముందే అల్లుడుగారిని దగ్గరుండి చేయమను. పడకగది గోడలు తలుపులు, కిటికీలు పోను సుమారు 430 చదరపు అడుగులు. నున్నని గోడ మీద మంచి ఎమల్షన్ లీటరుకు ఒక కోటు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది కనుక రెండు కోట్లకు నాలుగు లీటర్ల డబ్బాలు రెండు సరిపోతాయి, కాస్త మిగిలితే గీతలు పడినప్పుడు పనికొస్తుంది. రెండు డబ్బాలనూ ఒకే బకెట్‌లో పోసి కలిపిన తరవాతే మొదలుపెట్టించు. నీళ్ళు డబ్బా మీద రాసినంతే పోయించు. పెయింటరు ఫలానా కంపెనీ రంగే కావాలని పట్టుబడితే డబ్బాలో అతనికి వచ్చే టోకెన్ కోసం కావచ్చు. ఆ నాలుగు రూపాయలు అతని కష్టానికి దక్కితే తప్పులేదు, కాని రకాన్ని నిర్ణయించేది నువ్వే కావాలి.

పాత తలుపుల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 2017 నవంబరు 1 నుంచి ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం అనే విషలోహం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మీ తలుపుల ఎనామెల్ (నూనె రంగు) అంతకు చాలా ముందుది కనుక అందులో సీసం ఎక్కువగా ఉండవచ్చు. వాటిని పొడిగా గీకనివ్వకు, తడిపి గీకించి, రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తించు. ఆ రెండు రోజులూ పిల్లవాణ్ణి మా ఇంటికి పంపించు, మీ పెద్దమ్మ ఎదురు చూస్తోంది.

పని వరస సీలింగు, గోడలు, తలుపులు, చివరన వాల్‌పేపర్. రంగు పూర్తిగా గట్టిపడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది కనుక అంతవరకు గోడను తడిగుడ్డతో తుడవవద్దు, బీరువాలను గోడకు జానెడు దూరంలో నిలిపితే వెనక గాలి ఆడుతుంది. పాలిథిన్ ముక్కలు ఈ రాత్రే అంటించి, రేపు రాత్రి విప్పి, ఏ గోడకు ఏ వైపు తడి ఉందో ఫొటోలు తీసి పంపు. ఆదివారం ఉదయం బస్సులో నేను వస్తాను, వెనకగదికి కావలసిన సున్నం, తుమ్మబంక నేనే తీసుకొస్తాను, మేస్త్రీని పది గంటలకు రమ్మని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న