మీ ప్లాస్మిడ్ చెన్నైలోనూ వెలగాలి

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రాజెక్టు ప్లాన్ మొత్తం చదివాను. ఐజెమ్ పోటీకి, అదే జీవకణాల జన్యువులు మార్చి కొత్త పనులు చేయించే విద్యార్థుల అంతర్జాతీయ పోటీకి, బెళ్లందూరు చెరువు నీళ్లలో ఫాస్ఫేటు కనిపెట్టే బ్యాక్టీరియా చేద్దామనుకోవడం బాగుంది. నురుగు రోడ్డు మీదికి పొంగి, నిప్పు కూడా అంటుకున్న చెరువు కదా, బెంగళూరులో దాని కథ ఎవరికీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు. కానీ ప్లాన్‌లో కొలాబరేషన్ అని రాసి, దాని కింద చెన్నై టీమ్‌తో జూమ్ మీటింగు, ఫొటో, రెండు లోగోలతో పోస్టరు అన్నారు. అవుట్‌రీచ్ కింద స్కూళ్లు, టీషర్టులు, రీల్స్. చేసుకోండి, నేను వద్దనను. అయితే వీటిలో ఒక్కటి కూడా మీ పని సరిగ్గా ఉందో లేదో మీకు చెప్పదు. మీ ల్యాబు గడప దాటాక, వేరేవాళ్ల చేతిలో అది నిలబడుతుందా అన్నదే నాకు ముఖ్యం.

ముందు సెన్సర్ సంగతి చూద్దాం. మీరు తీసుకున్న ఫోఏ ప్రమోటర్, అంటే వెలుగునిచ్చే జన్యువుకి తగిలించిన డీఎన్ఏ స్విచ్చు, ఫాస్ఫేటు తక్కువైతే ఆన్ అవుతుంది, ఎక్కువైతే ఆఫ్ అవుతుంది. అంటే ఫాస్ఫేటు ఎక్కువున్న మురికి నీళ్లలో మీ ఈ-కోలై బ్యాక్టీరియా పచ్చగా వెలగదు, ఆరిపోతుంది. తిరకాసుగా ఉన్నా ఫర్వాలేదు, పనికొస్తుంది. కానీ ఆ నీళ్లలో డిటర్జెంటు కూడా ఉంటుంది. దాని దెబ్బకు బ్యాక్టీరియా చచ్చిపోయినా వెలుగు రాదు. రెండింటికీ తేడా ఎలా చెప్తారు? ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్రమోటర్ పెట్టిన ఇంకో స్ట్రెయిన్‌ని, అంటే అదే బ్యాక్టీరియాలో మరో రకాన్ని, పక్కనే పోల్చుకోవడానికి కంట్రోల్‌గా పెంచండి. అది కూడా వెలగకపోతే ఆ శాంపిల్ లెక్కలోకి రాదు. ఇంకో మాట, బ్యాక్టీరియాను మామూలుగా పెంచే ఎల్‌బీ మీడియాలోనే బోలెడు ఫాస్ఫేటు ఉంటుంది. అందులో పెంచి, ప్రమోటర్ పనిచేయట్లేదని టెన్షన్ పడేరు. ఫాస్ఫేటు కావాల్సినంతే కలుపుకోగల మాప్స్ మీడియా వాడండి.

ఇక చెన్నై వాళ్లు. రకరకాల మోతాదుల్లో ఫాస్ఫేటు కలిపిన ట్యూబులు తయారుచేయండి. కొన్నింట్లో డిటర్జెంటు కలపండి. మూతల మీద ఏ, బీ, సీ అని మాత్రం రాసి పంపండి. దేంట్లో ఏముందో రాసిన కాగితం మీ గైడ్ దగ్గర సీలు వేసిన కవర్లో ఉండాలి. వాళ్లు మీ ప్లాస్మిడ్‌ని, అంటే సెన్సర్ ఉన్న గుండ్రటి డీఎన్ఏ ముక్కని, తమ బ్యాక్టీరియాలో పెట్టి కొలిచి జవాబు పంపాక, అందరి ముందూ కవరు విప్పండి. రెండూ కలిస్తే మీ సెన్సర్ గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. కలవకపోతే, ఆ సంగతి అక్టోబరులో పారిస్‌లో జడ్జీల ముందు కాకుండా జూలైలోనే మీకు తెలిసినట్టు. జూమ్‌లో చేతులూపుకుంటే ఇది తెలియదు.

ప్లాస్మిడ్ పంపడానికి డ్రై ఐసు కోసం డబ్బులు తగలేయకండి. వాట్‌మన్ ఫిల్టర్ పేపరు మీద పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టు. పెన్ను వద్దు, ఇంకు డీఎన్ఏలోకి దిగుతుంది. సున్నా మధ్యలో డీఎన్ఏ చుక్క వేసి, గాలికి పూర్తిగా ఆరనిచ్చి, జిప్ కవర్లో పెట్టి స్పీడ్ పోస్ట్ చెయ్యి. వాళ్లు ఆ సున్నాను కత్తిరించి కొద్దిగా బఫర్లో నానబెట్టి, ఆ నీటితోనే ట్రాన్స్‌ఫర్మేషన్ చేసుకుంటారు, అంటే డీఎన్ఏని తమ బ్యాక్టీరియాలోకి ఎక్కించుకుంటారు. దాంతోపాటు సీక్వెన్స్ ఫైలు, ఏ యాంటీబయాటిక్ ప్లేటు వాడాలో, మీరు వాడిన స్ట్రెయిన్ పేరు పంపు. మీరు డీహెచ్5ఆల్ఫా స్ట్రెయిన్‌లో, వాళ్లు బీఎల్21 స్ట్రెయిన్‌లో చేస్తే వచ్చే తేడాకి మీ ప్లాస్మిడ్‌ని తిట్టుకుంటారు పాపం.

కొలతల దగ్గరే చాలా టీములు కొట్టుకుంటాయి. వెలుగుని కొలిచే ప్లేట్ రీడర్ మిషన్ ఇచ్చే అంకె మన ఊళ్లలో మూర కొలత లాంటిది, ఎవరి చెయ్యి వాళ్లది. మీ మిషన్‌లో 8,000, వాళ్ల మిషన్‌లో 300 వచ్చాయంటే ఎవరిది ఎక్కువో చెప్పలేం. ఐజెమ్ ఇంటర్‌ల్యాబ్ స్టడీ మొదలైందే ఇందుకు. 2018లో 244 ల్యాబులు ఒకే ప్రయోగం చేసి కణాల సంఖ్యను అంచనా కట్టే పద్ధతులను పోల్చాయి. సన్నటి సిలికా పూసలను వరసగా పలచన చేసి మిషన్‌ని కాలిబ్రేట్ చేసే, అంటే దాని అంకెల్ని అందరికీ ఒకే కొలతకి తెచ్చే, పద్ధతి బాగా పనిచేస్తుందని తేలింది. వెలుగుకేమో ఫ్లోరోసీన్ అనే వెలిగే రంగు వాడతారు. మీరూ, చెన్నై వాళ్లూ మొదటి వారంలోనే ఈ రెండు కాలిబ్రేషన్లు చేసి ఒకరి షీటు ఒకరికి పంపుకోండి. బోరు పనే, కానీ వదలొద్దు.

అన్నట్టు, వాళ్లకి మీరేం చేసిపెడుతున్నారు? ప్లాన్‌లో ఒక్క లైను కూడా లేదు. వాళ్ల టీమ్‌లో మోడలింగ్ చేసేవాళ్లు లేరని నువ్వే అన్నావు. మీ దగ్గర మాథ్స్ పిల్లలున్నారు. ఇంకేం, ఆ పని తీసుకోండి. ఎవరు ఏం చేశారో ఆ రోజే రాసిపెట్టండి. అట్రిబ్యూషన్ పేజీ దగ్గరికొచ్చేసరికి ఎంత మంచి స్నేహాలైనా చేదవుతాయి.

పర్మిషన్ల విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. మన దేశంలో జన్యుమార్పిడి సూక్ష్మజీవుల పనంతా పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాల పరిధిలోకి వస్తుంది. మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీలో డీబీటీ, అంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, ప్రతినిధి కూడా ఉంటారు. మీరు తొందరపడితే ఆ మీటింగు ముందుకు జరగదు కాబట్టి ఫారం ఇప్పుడే నింపండి. చెన్నై వాళ్లూ అక్కడ విడిగా తీసుకోవాలి. మార్చిన బ్యాక్టీరియా ల్యాబు బయటికి రాకూడదు, స్కూలు పిల్లలకు చూపించడానికి ప్లేటు మూసి తెచ్చినా సరే. ఐజెమ్ రూలూ అదే.

అయితే స్కూల్లో ఏం చూపించాలి? ఏలక్కి అరటిపండు చాలు. జిప్ కవర్లో వేసి పిల్లల చేతే పిసికించు. ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలపమను. పలచటి గుడ్డలో వడకట్టి, ఫ్రీజర్లో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌ని గ్లాసు అంచు వెంబడి జార్చాలి. స్పిరిట్ చల్లగా లేకపోతే సరిగ్గా రాదు. కాసేపటికి తెల్లటి పోగులు పైకి తేలతాయి. టూత్‌పిక్‌కి చుట్టుకుంటుంటే పిల్లల మొహాలు చూడాలి. ఇక పీపీటీ ఎవరికీ గుర్తుండదు.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం చెప్పడానికి కాదు, అడగడానికి వెళ్లండి. చెరువు గట్టున పశువులకు గడ్డి కోసేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్ల సంఘాలున్నాయి, బిల్డింగు పనులకు వచ్చిన మనవాళ్లున్నారు. కన్నడం, తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లని వెంట తీసుకెళ్లు. ఇంగ్లిషులో అచ్చువేసిన కరపత్రం అక్కడ పల్లీలు చుట్టుకోవడానికి పోతుంది.

వాళ్లు తప్పకుండా అడిగేది, ఈ పురుగుల్ని చెరువులో వదులుతారా అని. వదలం, నీళ్లే ల్యాబుకి వస్తాయి అని సూటిగా చెప్పండి. ఇది జన్యువు మార్చిన బీటీ వంకాయ లాంటిదా అనీ అడుగుతారు. 2010లో జైరాం రమేశ్ పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు హైదరాబాదు, బెంగళూరుతో సహా ఏడు నగరాల్లో దాని మీద బహిరంగ చర్చలు పెట్టి, ఫిబ్రవరి 9న నిలిపేశారు. ఆ గొడవ గుర్తున్నవాళ్ల భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకు. పొలంలో పెరిగే మొక్కకీ, మూసిన ల్యాబులో ఉండే బ్యాక్టీరియాకీ ఉన్న తేడా చెప్పు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా జన్యువు మార్చిన ఈస్టుతో చేసిందే, బయోకాన్ ఇన్సులినూ అంతే. షుగరు ఉన్న ఇంట్లో ఈ మాట వెంటనే ఎక్కుతుంది.

నన్నడిగితే అసలు కష్టమైన ప్రశ్న వేరే ఉంది. అమ్మోనియం మాలిబ్డేట్, దాంతోపాటు ఆస్కార్బిక్ యాసిడ్ లాంటిది వేస్తే ఫాస్ఫేటుకి నీలం రంగు వస్తుంది, ఆ పరీక్ష చవక, ఎప్పటినుంచో ఉంది. మరి మీ బ్యాక్టీరియా ఎందుకు? ఏ కెమిస్ట్రీ మాస్టారో మైకు పట్టుకుని అడుగుతారు. జడ్జీలూ అడుగుతారు. మీ శాంపిళ్లనే ఆ పద్ధతిలోనూ కొలిచి, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. మీది ఓడితే ఎక్కడ ఓడిందో రాయండి.

ఉపయోగం లేని ప్రాజెక్టు తప్పని కాదులే. 2009లో మన యలహంకలోని సృష్టి ఆర్ట్ కాలేజీ పిల్లలు ఈ-కోలై చేత జియోస్మిన్ చేయించే ప్రాజెక్టు పట్టుకున్నారు, తొలకరి మట్టి వాసన ఇచ్చేది అదే. వాళ్లు చెరువు బాగుచేస్తామని ఎవరికీ చెప్పలేదు. మీరు చెప్తున్నారు, అందుకే ఇంత అడుగుతున్నాను.

బయోసేఫ్టీ ఫారం డ్రాఫ్టు ఆదివారంలోగా పంపు. కాలిబ్రేషన్ షీటు తయారైతే అదీ పంపు, అంకెలు నేను సరిచూస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ
యలహంక