జీరో టికెట్‌తో ఎక్కిన బస్సు దిగుతూ పడితే పరిహారం రాదా?

ప్రశ్న: మేం రామంతాపూర్‌లో ఉంటాం. మా అమ్మకు 43 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. నాలుగున్నర నెలల క్రితం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సిటీ బస్సు దిగుతుంటే, ఒక కాలు ఇంకా మెట్టు మీద ఉండగానే బస్సు కదిలింది. అమ్మ పడిపోయింది. కుడి తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది, మిషన్ తొక్కలేకపోతోంది. అది ఆర్టీసీలో తిరిగే అద్దె బస్సు అని తర్వాత తెలిసింది. ఆవిడే కదులుతున్న బస్సులోంచి దూకిందని డ్రైవర్ అంటున్నాడు. అమ్మ తీసుకున్నది మహాలక్ష్మి జీరో టికెట్. డబ్బు కట్టని ప్రయాణానికి పరిహారం రాదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. బస్సు యజమాని తరఫున ఒకాయన వచ్చి, పాతిక వేలు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నాడు. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. సంతకం పెట్టకండి. అందులో ఏం రాసి ఉందో మీ ఉత్తరంలో లేదు. మామూలుగా ఇలాంటి కాగితాల్లో 'తప్పు నాదే, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఇకపై ఏమీ అడగను' అనే ఉంటుంది. ఖాళీ కాగితం అయితే మరీ ప్రమాదం. రేపు కోర్టులో మీ అమ్మగారిని బోనులో నిలబెట్టి అడిగే మొదటి ప్రశ్న ఆ సంతకం గురించే అవుతుంది. అవసరంలో ఉన్న ఇంటికి పాతిక వేలు పెద్ద మొత్తమే, అది నాకు తెలుసు. కానీ మీకు చట్టప్రకారం రావలసిన దానితో పోలిస్తే అది ఎంత తక్కువో కింద లెక్క వేసి చూపిస్తాను.

జీరో టికెట్ గురించి మీకు చెప్పినవాళ్లు పొరబడ్డారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద, వాహనం వల్ల గాయపడిన ఎవరైనా పరిహారం అడగవచ్చు. చార్జీ కట్టారా లేదా అని ఆ సెక్షన్ అడగదు. రోడ్డు పక్కన నడుస్తున్న మనిషిని బస్సు గుద్దితే ఆయన దగ్గర టికెట్టే ఉండదు కదా, ఆయనకూ పరిహారం వస్తుంది. పైగా 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకంలో ప్రయాణం మహిళకు ఉచితమే తప్ప ఆర్టీసీకి ఉచితం కాదు, ఆ చార్జీని ప్రభుత్వం భరిస్తుంది. కండక్టర్ మిషన్‌లోంచి ఇచ్చిన ఆ జీరో టికెట్ నిజానికి మీకు సాక్ష్యం. ఏ బస్సు, ఏ వేళ, ఎక్కడ ఎక్కారు అన్నది దాని ఆధారంగా తేలుతుంది. ఆ కాగితం మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఈరోజే ఫోన్‌లో ఫొటో తీసి, రెండు జిరాక్సులు తీయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ప్రయాణిస్తున్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది 'నాలుగున్నర నెలలు' అన్న మాట. 2019లో చేసిన సవరణ వల్ల, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. గడువు ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్క. ఈ నిబంధన చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందుంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఇప్పటికే ఆరు నెలలు దాటిపోయినవాళ్లు ఆశ వదులుకోకుండా ఆ ఉత్తర్వు పట్టుకుని వెంటనే వకీలును కలవాలి. మీకు మాత్రం ఇంకా నెలన్నర చేతిలో ఉంది. మధ్యంతర ఉత్తర్వు మీద ఆధారపడే అవసరం తెచ్చుకోకండి. ప్రమాదం గురించి పోలీసులు కూడా ట్రిబ్యునల్‌కు (ఇలాంటి పరిహారం కేసులు వినే కోర్టుకు) నివేదిక పంపాలి, దాన్నే క్లెయిమ్‌గా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ అది వెళ్లిందో లేదో చూస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. మీ పిటిషన్ మీరు వేయండి.

ఎఫ్ఐఆర్ నమోదైందా అన్నది మీరు రాయలేదు. కాకపోతే ఇప్పుడైనా ఫిర్యాదు ఇవ్వండి. ఇంటి మనిషి ఆపరేషన్ టేబుల్ మీద ఉంటే ఎవరూ ముందు స్టేషన్‌కు పరుగెత్తరు. ఆలస్యం ఒక్కదాన్ని చూపి క్లెయిమ్ కొట్టేయకూడదని రవి వర్సెస్ బద్రీనారాయణ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులోనే రాయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఇప్పటికే ఎఫ్ఐఆర్ ఉంటే అందులో ఏ సెక్షన్లు పెట్టారో చూడండి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం, భారతీయ న్యాయ సంహితలో 125(బి) కిందికి వస్తుంది. మొదటి రోజు దెబ్బ ఎంతో తెలియక మామూలు గాయం అని 125(ఎ) పెట్టడం తరచూ జరుగుతుంది. అలా ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే రిపోర్టు జత చేసి సెక్షన్ మార్చమని రాసివ్వండి.

దీనికన్నా ముఖ్యమైన కాగితం ఇంకొకటి ఉంది. మొదట తీసుకెళ్లిన ఆస్పత్రిలో క్యాజువాలిటీ డాక్టర్ ఏం రాశారు? పోలీసు గొడవ ఎందుకులే అని, లేదా త్వరగా చేర్చుకోరేమో అన్న భయంతో, 'ఇంట్లో జారిపడింది' అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క వాక్యం మంచి కేసులను కూడా దెబ్బతీస్తుంది. 'బస్సు దిగుతూ పడిపోయారు' అని ఉంటే, డ్రైవర్ ఇప్పుడు చెప్పే కథ కంటే ఆ మాటకే ఎక్కువ బలం, ఎందుకంటే అప్పటికి ఎవరికీ పరిహారం ఆలోచన లేదు. ఎంఎల్‌సీ రిజిస్టర్ (పోలీసు కేసు అయ్యే గాయాలను ఆస్పత్రి నమోదు చేసే పుస్తకం) నకలు, కేస్‌షీట్ మొత్తం అడిగి తీసుకోండి.

ఇక దూకిందన్న మాట. ట్రిబ్యునల్‌లో తప్పును క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. ఎవరి మాట ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తారు. స్టాపులో ఆగిన బస్సు, దిగేవాళ్లు పూర్తిగా దిగాకే కదలాలి. మీ అమ్మగారు స్టాపులోనే పడ్డారా, బస్సు స్టాపు దాటాక పడ్డారా అన్నదే ఇక్కడ కీలకం. స్టాపుకు ఎదురుగా ఉన్న దుకాణాల కెమెరాలు, పోలీసు కెమెరాల రికార్డు కావాలని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇన్ని నెలల తర్వాత పాత రికార్డు చెరిగిపోయి ఉండవచ్చు, అయినా అడిగినట్టు కాగితం ఉండాలి. ఆరోజు అమ్మను లేపి ఆటో ఎక్కించినవాళ్లెవరైనా ఉంటే వాళ్లను వెతకండి. ఆ స్టాపు దగ్గర రోజూ కూర్చునే పండ్ల బండ్లవాళ్లకు ఇలాంటివి గుర్తుంటాయి. ఒకవేళ కొంత తప్పు అమ్మదేనని ట్రిబ్యునల్ అనుకున్నా, ఆ మేరకు పరిహారం తగ్గుతుందే తప్ప మొత్తం పోదు.

కేసు ఎవరి మీద? అద్దె బస్సు కాబట్టి డ్రైవర్, బస్సు యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ, ఆర్టీసీ నలుగురినీ చేర్చండి. ఒకరి పేరు వదిలేస్తే మిగతావాళ్లు బాధ్యతను లేనివాళ్ల మీదికి నెడతారు. అద్దె బస్సు ఆర్టీసీ ఆధీనంలో తిరుగుతున్నా యజమాని కట్టిన ఇన్సూరెన్స్ వర్తిస్తుందని ఉత్తరప్రదేశ్ ఆర్టీసీకి సంబంధించిన కుల్సుమ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. (సొంత బస్సుల విషయం వేరు. సొంత నిధి పెట్టుకుంటే ప్రభుత్వ రవాణా సంస్థకు ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు చట్టంలో ఉంది, అప్పుడు సంస్థే చెల్లించాలి.) పిటిషన్‌ను ప్రమాదం జరిగిన చోటు, మీరు ఉండే చోటు, ప్రతివాదులు ఉండే చోటు, వీటిలో ఎక్కడైనా వేయవచ్చు. ఉప్పల్, రామంతాపూర్ రెండూ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్నాయి. ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ ముషీరాబాద్‌లో ఉంది కాబట్టి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనూ వీలవుతుంది. అమ్మ చేతికర్రతో వాయిదాలకు రావాలి కదా, మీకు దగ్గరైన కోర్టే మంచిదని నా అభిప్రాయం.

ఎవరి తప్పో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి, అది తీసుకోండి అని ఎవరైనా చెప్పవచ్చు. అది సెక్షన్ 164. నిజమే, కానీ ఆ డబ్బు ఒప్పందం కింద స్వీకరిస్తే సెక్షన్ 166 పిటిషన్ రద్దయిపోతుంది. మీ అమ్మగారి విషయంలో తొందరపడి ఆ దారి పట్టకూడదు, ఎందుకో లెక్కలో చూడండి.

కుట్టుపని మీద నెలకు 12 వేలు వచ్చేవని అనుకుందాం. 40 నుంచి 50 ఏళ్ల లోపు సొంతపని చేసుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. మరణాల విషయంలో చెప్పిన ఆ సూత్రాన్ని శాశ్వత వైకల్యం ఉన్న గాయాల కేసులకూ తర్వాతి తీర్పులు వర్తింపజేశాయి. అంటే నెలకు 15 వేలు, ఏడాదికి 1,80,000. సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 43 ఏళ్లకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చించవలసిన అంకె, 14. సంపాదన శక్తి 25 శాతం పోయిందంటే ఏడాదికి 45 వేలు, పద్నాలుగుతో హెచ్చిస్తే 6,30,000. అదే 50 శాతం అంటే 12,60,000. చికిత్స ఖర్చు, మంచం మీద ఉన్న నెలల సంపాదన, తోడు మనిషి ఖర్చు, నొప్పి, బాధ, రేపు రాడ్ తీయించే ఆపరేషన్, ఇవన్నీ దీనికి అదనం. వీటి పైన వడ్డీ కూడా వస్తుంది.

ఆ ఇరవై ఐదుకూ యాభైకీ మధ్యే మీ అసలు పోరాటం. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో రాసేది శరీర వైకల్యం, కొన్నిసార్లు ఆ కాలు వరకే రాస్తారు. ట్రిబ్యునల్ చూడవలసింది ఆ వైకల్యం వల్ల ఆ మనిషి పని ఎంత ఆగిపోయిందో. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికి బతుకుతెరువే పోతుంది, గుమాస్తాకు ఉద్యోగం నిలబడవచ్చు అని రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో ఉంది. కుడి కాలితో మిషన్ తొక్కే మనిషికి కుడి తొడ విరగడమూ అలాంటిదే. కరెంటు మోటారు పెట్టుకోవచ్చు కదా అని అవతలి వకీలు అడుగుతాడు. ఎంతసేపు కూర్చోగలదు, మోకాలు ఎంత మడుస్తుంది అన్నది ఆపరేషన్ చేసిన డాక్టర్ సాక్షిగా వచ్చి చెప్పాలి. సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకుంటే చాలదు.

ఖర్చు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, వకీలును వాళ్లే ఇస్తారు. వచ్చిన దాంట్లో ఇంత శాతం అని బేరం పెట్టేవాళ్లు మీ ఇంటికీ వస్తారు. ఫలితాన్ని బట్టి వాటా ఫీజు మాట్లాడుకోవడం వకీళ్ల నియమావళికే విరుద్ధం. అలా అడిగేవాళ్లను దూరం పెట్టండి.

సంపాదనకు ఆధారం లేదని మీరు దిగులుపడుతుంటారు. కుట్టుపని చేసేవాళ్ల ఇంట్లో కస్టమర్ల కొలతలు రాసుకున్న పుస్తకం తప్పకుండా ఉంటుంది. దాన్ని భద్రంగా దాచండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో వచ్చిన డబ్బుల వివరాలు బ్యాంకు నుంచి తీయించండి, దారాలు, లైనింగ్ గుడ్డ కొన్న చీటీలు ఏరండి. రోజూ జాకెట్లు ఇచ్చే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి 'ఆమే కుట్టేది, ఇప్పుడు కుట్టడం లేదు' అని చెబితే చాలా బలం. వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కొలతల పుస్తకం చేత్తోనే పట్టుకెళ్లండి.