ఉచితంగా చేసిన కంటి ఆపరేషన్‌పై లాయరు నోటీసు: ఇండెమ్నిటీ పాలసీ వర్తిస్తుందా?

ప్రశ్న: చిన్న పట్టణంలో కంటి ఆసుపత్రి నడుపుతున్నాను. నిరుడు మా శిబిరానికి వచ్చిన 63 ఏళ్ల రైతుకు ఉచితంగా శుక్లం ఆపరేషన్ చేశాను. మూడో రోజున కంట్లో ఇన్ఫెక్షన్ కనిపించింది; వెంటనే పెద్దాసుపత్రికి పంపినా చూపు దక్కలేదు. ఆయన కుమారుడు 15 లక్షలు కోరుతూ ఇప్పుడు లాయరు నోటీసు పంపారు. ఈలోగా నా ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందంటూ రోగులు అడిగే పరిహారానికి డాక్టర్లు తీసుకునే బీమా) 20 రోజులు లాప్స్ అయితే మళ్ళీ తీసుకున్నాను. డబ్బు తీసుకోని ఆపరేషన్‌పై కేసు నిలుస్తుందా? బీమా వర్తిస్తుందా? మందుల ఖర్చు ఇస్తానని నేనే జవాబు రాస్తే సరిపోతుందా?

జవాబు: డాక్టరు గారూ, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, తొందర ఉన్నది దానికే. నోటీసుకు మీరు సొంతంగా జవాబు రాయకండి, ఖర్చు ఇస్తానన్న మాట ఫోనులో కూడా అనకండి. కంపెనీ రాతపూర్వక సమ్మతి లేకుండా బాధ్యత ఒప్పుకోరాదు, రాజీకి రారాదు అన్న షరతు ఇలాంటి పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. జాలితో అన్న మాటనే రేపు క్లెయిము తిరస్కరించడానికి కారణంగా చూపవచ్చు. నోటీసు నకలును, అందిన తేదీ కనిపించే కవరుతో సహా, వెంటనే కంపెనీకి పంపి రసీదు తీసుకోండి.

వాహన బీమాలో ప్రమాదం జరిగిన నాటికి పాలసీ ఉంటే చాలు. వైద్యుల ఇండెమ్నిటీ పాలసీ సాధారణంగా అలా నడవదు: క్లెయిము వచ్చిన నాటికి పాలసీ అమలులో ఉండాలి, ఆపరేషన్ తేదీ పాలసీ షెడ్యూలులోని ‘రెట్రోయాక్టివ్ డేట్’ (ఏ రోజు నుంచి చేసిన వైద్యానికి రక్షణ ఉంటుందో ఆ తేదీ) తర్వాతిదై ఉండాలి. ఏటా తెగకుండా రెన్యువల్ చేస్తే ఆ తేదీ మొదటి పాలసీ నాటిదే కొనసాగుతుంది. మధ్యలో తెగితే కంపెనీ దాన్ని కొత్త పాలసీ మొదలైన రోజుకు జరపవచ్చు, అప్పుడు మీ ఆపరేషన్ రక్షణ బయట పడుతుంది. నా దృష్టిలో మీకు నోటీసు కన్నా ఆ 20 రోజులే పెద్ద చిక్కు. షెడ్యూలులో ఏ తేదీ ఉందో ఇవాళే చూడండి. ఒక్కో క్లెయిముకు పరిమితి ఎంతో కూడా చూడండి: 20 లక్షల పాలసీ అని ఏజెంటు చెప్పినా, ఒక్కో క్లెయిము పరిమితికీ ఏడాది మొత్తం పరిమితికీ నిష్పత్తి 1:4 అయితే ఒక క్లెయిముకు దక్కేది 5 లక్షలే. చూపు పోయిన కేసుల్లో పరిహారం ఆ పరిమితిని ఎంతగానో మించవచ్చు: నెలలు నిండక పుట్టిన బిడ్డకు రెటీనా పరీక్ష చేయించకపోవడం వల్ల చూపు పోయిన తమిళనాడు ప్రభుత్వాసుపత్రి కేసులో సుప్రీంకోర్టు 2015లో 1 కోటి 80 లక్షలకు పైగా పరిహారం ఇప్పించింది.

ఉచితం గనుక కేసు ఉండదన్నది వైద్యుల్లో పాతుకుపోయిన అపోహ. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పినది వేరు: అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికే వినియోగదారుల చట్టం నుంచి మినహాయింపు, కొందరి దగ్గర ఫీజు తీసుకుంటూ మరికొందరికి ఉచితంగా చేస్తే, ఆ ఉచిత రోగులు కూడా వినియోగదారులే. కాబట్టి మీరు మిగతా రోగుల దగ్గర ఫీజు తీసుకుంటుంటే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నిలుస్తుంది. ఫిర్యాదు చేయడానికి వారికి వ్యాజ్య కారణం (కేసుకు ఆధారమైన ఘటన) ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంది. కమిషన్ నోటీసు అందాక మీ సమాధానానికి 30 రోజులు, పైన మహా అయితే మరో 15 రోజులు.

ఇన్ఫెక్షన్ వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. సాటి వైద్యుడు మామూలుగా తీసుకునే జాగ్రత్త మీరు తీసుకున్నారా అన్నదే ప్రశ్న, దానికి సాక్ష్యం మీ కేస్ షీటు: ఆపరేషన్‌కు ముందు కంటిలో పోవిడోన్ అయోడిన్ (క్రిములను చంపే మందు) వేసినట్టు నమోదు, స్టెరిలైజేషన్ రిజిస్టరు, కంట్లో అమర్చిన లెన్స్ వివరాల స్టిక్కరు, నొప్పి అన్నది ఎప్పుడో, పెద్దాసుపత్రికి రాసింది ఎన్ని గంటలకో. అంగీకార పత్రం ఇంగ్లీషులో అచ్చయి, కింద తెలుగు రైతు వేలిముద్ర మాత్రమే ఉంటే, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఆయనకు అర్థమయ్యేలా చెప్పారనడానికి అది బలహీనమైన ఆధారం. ఆనాడు దగ్గరుండి వివరించిన సిబ్బంది ఎవరో గుర్తుచేసుకోండి. లేని వాక్యాన్ని మాత్రం ఇప్పుడు చేర్చకండి, వేరే సిరాతో దిద్దకండి. రోగి తరఫువారు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పెద్దాసుపత్రికి పంపినప్పుడు వెంట వెళ్లిన కాగితాల నకలు వారి చేతిలో ఇప్పటికే ఉండి ఉండవచ్చు.